చంకలో బిడ్డ, ఊరంతా దండోరా

కొన్నేళ్ల కిందటి మాట. ఒక సాయంత్రం అక్క నాకు వరసగా మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ ఆమెకు వినిపించింది ఒకటే: "మీరు కాల్ చేస్తున్న వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరు." నాలుగోసారి మోగింది, తీశాను. "ఏరా, ఫోన్ ఆపేసి కూర్చున్నావా?" అంది. ఆపలేదు. ఫోన్ నా ఎదురుగా కిటికీ పక్కన బల్ల మీదే ఉంది. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. అదే చెప్పాను. ఆమె నమ్మలేదు. అందులో ఆమె తప్పేమీ లేదు. "నేను వెతికాను, నాకు దొరకలేదు" అని నెట్‌వర్క్ ఎప్పుడూ అనదు. "అతను లేడు" అంటుంది. వెతకడం చేతకాకపోయినా నింద మాత్రం వెతకబడ్డవాడి మీదే పడుతుంది.

ఈ వెతుకులాటను మా మొబైల్ నెట్‌వర్క్‌ల రంగంలో పేజింగ్ అంటారు. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం దాని చుట్టూనే గడిచింది. అందుకే అక్క మాట ఆ రోజు కాస్త గట్టిగానే తగిలింది. ఇన్నేళ్ల పనిలో నాకు బలపడిన అభిప్రాయం ఒకటుంది. ఊరకే ఉన్న ఫోన్‌ను తక్కువ ఖర్చుతో కనుక్కోవాలంటే దాని గురించి నెట్‌వర్క్‌కు ఎక్కువ తెలియాల్సిన పనిలేదు. తెలిసిన కొద్దిపాటి సంగతితోనే ఏ వరసలో వెతకాలో చూసుకుంటే చాలు. మనుషులు ఎటు వెళ్తారో ముందే ఊహించే లెక్కల మీద మేం పెడుతున్న శ్రమను, మొదటి పిలుపుకు దొరకని ఫోన్ల మీద పెట్టాలి. ఇదే నా వాదన. దీన్ని ఒప్పుకోని సహోద్యోగులు చాలామంది ఉన్నారు, వాళ్ల మాటలోనూ బలం ఉంది, అదీ చెబుతాను.

ముందు ఊరకే ఉన్న ఫోన్ అంటే ఏమిటో చూద్దాం. మీరు మాట్లాడుతున్నప్పుడో వీడియో చూస్తున్నప్పుడో మీ ఫోన్ ఏ సెల్‌లో, అంటే ఏ టవర్ సిగ్నల్ అందే పరిధిలో ఉందో నెట్‌వర్క్‌కు క్షణక్షణం తెలుస్తుంది. పని అయిపోయిన కాసేపటికి ఆ లింకు తెగిపోతుంది, ఫోన్ ఐడిల్ మోడ్‌లోకి వెళ్తుంది. అప్పటినుంచి అది వినడమే తప్ప మాట్లాడదు. మీరు నడిచి వెళ్తుంటే తనంతట తానే ఒక సెల్‌ను వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటుంది, ఆ సంగతి ఎవరికీ చెప్పదు. ఆ వినడం కూడా ఎడతెగకుండా సాగేది కాదు. 4జీలో అయితే మామూలుగా 0.32, 0.64, 1.28, 2.56 సెకన్లలో నెట్‌వర్క్ ఎంచుకున్న వ్యవధికి ఒకసారి రేడియోను లేపి, నన్నెవరైనా పిలిచారా అని కొన్ని మిల్లీసెకన్లు చూసి, మళ్లీ పడుకుంటుంది. సరిగ్గా ఏ క్షణంలో లేవాలో ఇద్దరికీ ముందే తెలుసు. సిమ్‌లోని శాశ్వత గుర్తింపు సంఖ్యను 1024తో భాగిస్తే మిగిలే శేషం పట్టుకుని ఫోన్, నెట్‌వర్క్ విడివిడిగా ఒకే లెక్క కడతాయి. బల్ల మీద పడేసిన ఫోన్‌లో ఛార్జింగ్ రోజంతా ఉండేది ఈ కోడికునుకు పుణ్యమే.

మరి అలా కునుకు తీస్తున్న ఫోన్ ఎక్కడుందో నెట్‌వర్క్‌కు ఎంత తెలుసు? ఏ సెల్ అన్నది తెలియదు. ఏ ఏరియా అన్నది తెలుసు. కొన్ని పదుల నుంచి కొన్ని వందల సెల్‌లను కలిపి ఒక ఏరియాగా గీస్తారు. 2జీలో దాన్ని లొకేషన్ ఏరియా అన్నారు, 4జీలో ట్రాకింగ్ ఏరియా అంటున్నారు. ప్రతి సెల్ తాను ఏ ఏరియాకు చెందిందో ప్రసారం చేస్తూనే ఉంటుంది. ఏరియా గీత దాటినప్పుడు మాత్రమే ఫోన్ నోరు విప్పి "ఇక్కడికొచ్చాను" అని చెబుతుంది. దాటకపోయినా అప్పుడప్పుడూ హాజరు వేయించుకోవాలి. 4జీలో దీనికి మామూలుగా పెట్టే గడువు 54 నిమిషాలు. 2జీలో 6 నిమిషాల లెక్కన పెంచుకుంటూ 25.5 గంటల దాకా పెట్టుకోవచ్చు. హాజరు రాకపోతే ఇంకాసేపు ఆగి, ఫోన్ లేనట్టే రాసుకుంటారు.

చిక్కంతా ఆ గీతలు ఎక్కడ గీయాలన్నదే. ఏరియా చిన్నదైతే ఫోన్ మాటిమాటికీ చెప్పుకోవాలి, బ్యాటరీ పోతుంది. నిండుగా జనంతో వెళ్తున్న రైలు ఒక గీత దాటిన క్షణాన్ని ఊహించండి. వందల ఫోన్లు కొద్ది సెకన్ల వ్యవధిలో ఒక్కసారిగా "వచ్చాం, వచ్చాం" అంటాయి. ఏరియా పెద్దదైతే ఫోన్లు హాయిగా ఉంటాయి కానీ ఒక్క కాల్ వస్తే ఆ ఏరియాలోని సెల్‌లన్నీ ఆ ఫోన్ పేరు, అంటే దానికి నెట్‌వర్క్ ఇచ్చిన తాత్కాలిక సంఖ్య, పిలవాలి. అంటే ఖర్చును ఫోన్ భరించాలా, గాలిలోని తరంగాలు భరించాలా అన్నదే ప్రశ్న. ఎవరో ఒకరు భరించక తప్పదు.

చాలా నెట్‌వర్క్‌లు ఎక్కువకాలం చేసింది దండోరా. కాల్ వచ్చిందంటే ఏరియా అంతటా ఒకేసారి పిలుపు. పద్ధతి సులువు, ఆలస్యం తక్కువ. మరి నష్టమేమిటో చెప్పడానికి నేను ఎప్పుడూ ఒక చిన్న లెక్క వాడతాను. 4జీలో ఒక పేజింగ్ సందేశంలో 16 పేర్ల దాకా పడతాయి. సెకనుకు 100 సందేశాలు పంపేలా సెల్‌ను అమర్చితే 1600 పేర్లు. బాగా బిగించి 400 సందేశాలు పంపినా 6400, అంతకు మించి కుదరదు. ఇది ఒక సెల్ లెక్క. ఇప్పుడు ఏరియాలో 100 సెల్‌లున్నాయి, ప్రతి పేరూ 100 చోట్లా పిలుస్తున్నారు. మొత్తం ఏరియా ఒక సెకనులో ఎన్ని వేర్వేరు పేర్లు పిలవగలదు? అదే 1600. మరో 100 సెల్‌లు కట్టి ఆ ఏరియాలోనే కలిపినా 1600కు ఒక్కటి కూడా చేరదు. సెల్‌లు పెంచితే మాటలకూ డేటాకూ చోటు పెరుగుతుంది, పిలుపులకు మాత్రం పెరగదు. కొత్తగా చేరిన ఇంజినీర్లకు ఈ సంగతి చెప్పినప్పుడు మొదట నమ్మరు.

అందులోనూ పిలిచిన ఫోన్లలో చాలాభాగం ఆఖరిసారి ఏ సెల్‌లో మాట్లాడాయో అక్కడో, దాని పక్కనో ఉంటాయి. రాత్రి అయితే మరీను. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారే, దండోరా పేజింగ్ సరిగ్గా అదే.

దీనికి విరుగుడు ఎప్పుడో తెలుసు. 1995లో క్రిస్టఫర్ రోజ్, రాయ్ యేట్స్ అనే పరిశోధకులు ఈ సమస్యను గణితంలో శుభ్రంగా పెట్టి చూపించారు. ఫోన్ ఏ చోట ఉండే అవకాశం ఎంతో తెలిస్తే, ఎక్కువ అవకాశం ఉన్న చోటు నుంచి తక్కువ అవకాశం ఉన్న చోటుకు వరసగా వెతకాలి. ఎంత ఆలస్యాన్ని ఓర్చుకోగలమో దాన్నిబట్టి ఆ చోట్లను గుంపులుగా విడగొట్టి, ఒక్కో విడతకు ఒక్కో గుంపును పిలవాలి. ఇల్లు సర్దేవాళ్లెవరైనా ఇలాగే వెతుకుతారు. రోజ్, యేట్స్ దానికి రుజువిచ్చారు.

ఒక లెక్క వేసుకుందాం. అంకెలు నేను అనుకున్నవే, విషయం తెలియడానికి. ఏరియాలో 100 సెల్‌లు. ఫోన్ ఆఖరిసారి కనిపించిన సెల్‌లోనే ఉండే అవకాశం 70 శాతం, చుట్టూ ఉన్న 9 సెల్‌లలో ఉండే అవకాశం 20 శాతం, మిగిలిన 90లో ఎక్కడో ఉండే అవకాశం 10 శాతం. దండోరా వేస్తే ప్రతిసారీ 100 పిలుపులు. మొదట ఆ ఒక్క సెల్, తర్వాత పక్క 9, ఆఖరున మిగిలిన 90 అని మూడు విడతల్లో వెతికితే సగటున పడే పిలుపులు 0.7, 2, 10 కలిపి 12.7. ఎనిమిదో వంతుకు దిగింది!

అసలు ఏమీ తెలియకపోయినా లాభమే. ఫోన్ 100 సెల్‌లలో ఎక్కడైనా సమానంగా ఉండొచ్చు అనుకోండి. ముందు ఒక 50, దొరక్కపోతే ఇంకో 50 పిలిస్తే సగటు 75. ఫోన్ గురించి ఒక్క ముక్క తెలియకుండానే పాతిక శాతం మిగిలింది. నా వాదనకు వేరు ఇక్కడే ఉంది. లాభం రావడానికి చాలా తెలియనక్కర్లేదు, విడతలుగా అడగాలి.

"విడతలుగా వెతికితే ఆలస్యమవుతుంది కదా" అని వెంటనే అంటారు. అవుతుంది. మొదటి విడత తప్పితే ఫోన్ మేలుకునే వ్యవధి, దాని జవాబు కోసం చూసే సమయం కలిపి రెండు మూడు సెకన్లు పోతాయి. కాల్ చేసినవాళ్ల చెవిలో అంతసేపూ నిశ్శబ్దమే. కానీ ఈ అభ్యంతరం నెట్‌వర్క్ తీరిగ్గా ఉన్నప్పుడే పూర్తిగా నిజం. రద్దీ ఉన్నప్పుడు లెక్క మారిపోతుంది.

రెండే సెల్‌లు, రెండు కాల్స్ తీసుకోండి. ఒక్కో సెల్ ఒక్కో క్షణంలో ఒక్క పేరే పిలవగలదు. దండోరా పద్ధతిలో మొదటి క్షణం రెండు సెల్‌లలోనూ మొదటి పేరు, రెండో క్షణం రెండింటిలోనూ రెండో పేరు. ఒకరు ఒక క్షణంలో దొరుకుతారు, ఇంకొకరు రెండు క్షణాల్లో. సగటు 1.5, పిలుపులు 4. ఇప్పుడు ఇంకోలా చేద్దాం. మొదటి క్షణం ఒక సెల్‌లో మొదటి పేరు, ఇంకో సెల్‌లో రెండో పేరు. దొరకనివాళ్లను రెండో క్షణంలో అటుదిటు మార్చి పిలుద్దాం. ఎవరైనా మొదటి క్షణంలో దొరికే అవకాశం సగం, రెండో క్షణంలో సగం. సగటు ఆలస్యం అదే 1.5. పిలుపులు మాత్రం సగటున 3. సగటు ఆలస్యం పెరగలేదు, ఒక పిలుపు మిగిలింది. ఆ మిగిలిన చోట మూడో కాల్ ముందే మొదలవుతుంది. అంటే వరసలో నిలబడ్డవాళ్లు ఎక్కువమంది ఉన్నప్పుడు నిదానంగా వెతికే పద్ధతే త్వరగా ముగుస్తుంది. ఒకేసారి పలువురిని వెతికే ఈ ఆలోచనను 2004లో రంగ్-హంగ్ గావ్, జిగ్మంట్ హాస్ వివరంగా పరిశీలించారు. పేజింగ్ గురించి నేను చదివినవాటిలో నా ఆలోచనను ఎక్కువగా మార్చింది ఇదే. అంతవరకూ నేనూ ఒక్కో ఫోన్‌ను విడిగా, అది ఒక్కటే ఉన్నట్టు వెతకడం గురించే ఆలోచించేవాణ్ణి.

ఇక ఊహించే లెక్కల సంగతి. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను, ఎందుకంటే ఇందులో చాలా అందమైన పని జరిగింది. 1999లో అమియా భట్టాచార్య, సజల్ దాస్ ఫోన్ జాడ మీద ఉండే అనుమానాన్ని ఎంట్రొపీతో, అంటే అనిశ్చితి ఎంతో చెప్పే గణిత కొలతతో, కొలవాలన్నారు. ఫైళ్లను కుదించడానికి వాడే లెంపెల్-జివ్ పద్ధతినే మనిషి తిరిగే సెల్‌ల వరసకు వర్తింపజేశారు. రోజూ ఒకే దారిన పోయేవాడి వరస బాగా కుదించుకుపోతుంది, కాబట్టి అతని గురించి ఎక్కువ చెప్పుకోవాల్సిన పని ఉండదు. నెట్‌వర్క్ ఆ అలవాటును నేర్చుకుని, ఉండగల చోట్లను వరస పెట్టి పిలుస్తుంది. 2010లో నెట్‌వర్క్ శాస్త్రవేత్త ఆల్బర్ట్-లాస్లో బరబాసి బృందం 50,000 మంది ఫోన్ రికార్డులను చూసి, మనుషుల కదలికలను సూత్రప్రాయంగా 93 శాతం దాకా ముందే చెప్పడం సాధ్యమని లెక్కగట్టింది. అంతకంటే గట్టి ఆధారం ఏం కావాలి అని నా సహోద్యోగులు అడుగుతారు. ఆఖరిసారి కనిపించిన సెల్‌ను పట్టుకుని వేలాడే కన్నా, ఈ వేళప్పుడు ఈ ఫోన్ ఎక్కడుంటుందో మెషీన్ లెర్నింగ్‌తో కనుక్కోవడం మేలు కదా అని.

పై లెక్కకే తిరిగి వెళ్దాం. మంచి ఊహ పుణ్యాన మొదటి సెల్ అవకాశం 70 నుంచి 80 శాతానికి పెరిగింది, పక్క 9 సెల్‌లది 12, మిగిలినది 8 అయిందనుకుందాం. సగటు 0.8, 1.2, 8 కలిపి 10 పిలుపులు. 100 నుంచి 12.7కు దిగడానికి మనకు కావలసింది ఒక్క గుర్తు, ఆఖరి సెల్ పేరు. 12.7 నుంచి 10కి దిగడానికి కావలసింది ప్రతి మనిషి రోజువారీ తిరుగుడు మొత్తం, నెలల తరబడి దాచిపెట్టినది. ఆ 2.7 కోసం అంత పోగేయడం నాకు సబబుగా అనిపించదు.

ఇంకో సంగతి చూడండి. 12.7లో 10 ఎవరివల్ల వచ్చాయి? ఆఖరి విడతలో దొరికిన పదో వంతు ఫోన్ల వల్ల. ఖర్చులో ముప్పావు వంతుకు పైగా వాళ్లదే, ఎక్కువ ఆలస్యం భరించేదీ వాళ్లే. వాళ్లెవరు? అలవాటు తప్పినవాళ్లు. ఎప్పుడూ వెళ్లని చోటికి వెళ్లినవాళ్లు, హడావుడిగా ఎక్కడికో బయల్దేరినవాళ్లు. అలవాట్ల మీద నడిచే లెక్క సరిగ్గా వీళ్ల దగ్గరే తప్పుతుంది. ఒక మనిషికి ఫోన్ అందడం ఎక్కువగా అవసరమయ్యేది కూడా, చాలాసార్లు, అలవాటు తప్పిన రోజునే.

ఇప్పుడు నా వాదనకే ఎదురు తగిలే విషయం. ఆఖరి సెల్‌తో మొదలుపెట్టడం ఖర్చు తగ్గిస్తుంది సరే, రహస్యాన్ని కూడా తగ్గిస్తుంది. పేజింగ్ పిలుపు గాలిలో బహిరంగంగా వెళ్తుంది, ఎన్‌క్రిప్షన్ లేకుండా. 2012లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని 2జీ ప్రమాణమైన జీఎస్ఎమ్‌లో చేసి చూపించారు. ఒక నంబరుకు కాల్ చేసి, ఫోన్ మోగేలోపే పెట్టేసి, అదే సమయంలో పేజింగ్ ఛానల్‌ను వింటూ ఉంటే ఆ ఫోన్ ఈ ఏరియాలో ఉందో లేదో తెలిసిపోతుంది. అవతలివాళ్లకు కాల్ వచ్చినట్టు కూడా తెలియదు. దండోరా వేసే నెట్‌వర్క్‌లో తెలిసేది ఏరియా వరకే. 2016లో ఇంకో బృందం 4జీని పరీక్షించి, తెలివిగా ఆఖరి సెల్‌లోనే పిలిచే నెట్‌వర్క్‌లలో ఆ దాడి ఫోన్‌ను ఒక్క సెల్ దాకా పట్టిస్తుందని చూపింది. మేం ఖర్చు తగ్గించామని సంతోషించిన చోటే ఇంకొకరికి వేటు వేసే సందు దొరికింది. ఆ పరిశోధన చదివిన రోజున నేను చాలాసేపు పని చేయలేకపోయాను. ఆ అమరికలు నేనూ పెట్టినవాణ్ణే.

దీనికి నా జవాబు ఇది. మొదటి విడతను ఒక్క సెల్‌కు కుదించకూడదు. ఆ సెల్‌నూ చుట్టూ ఉన్న తొమ్మిదింటినీ కలిపి పదింటిలో ఒకేసారి పిలవాలి. లెక్క చూస్తే 9, 10 కలిపి సగటున 19 పిలుపులు. 12.7 కంటే 6.3 ఎక్కువ, 100 కంటే చాలా తక్కువ. దానికి బదులుగా మూడు విడతలు రెండయ్యాయి, ఎవరికీ రెండో పిలుపు దాటి ఎదురుచూపు లేదు, వింటున్న దొంగకు తెలిసేది ఒక సెల్ కాదు, పది సెల్‌ల ప్రాంతం. దాడి ఆగిపోదు, నిజమే. కానీ జాడ మసకబారుతుంది. పిలుపుల సంఖ్యనే చూసేవాళ్లకు ఇది వెనకడుగు. నేను మాత్రం మనుషుల కాల్స్‌కు ఇదే పెడతాను, ఎవరు అడిగినా ఇదే చెబుతాను.

5జీలో ఈ విషయంలో కొంత మంచి జరిగింది. పిలుపుకు ఫోన్ జవాబిచ్చిన ప్రతిసారీ దాని తాత్కాలిక పేరును మార్చాలని నియమం పెట్టారు. ఫోన్ ఎప్పుడు మేలుకోవాలన్న లెక్కను కూడా సిమ్‌లోని శాశ్వత సంఖ్య నుంచి కాక ఆ తాత్కాలిక పేరు నుంచే కడుతున్నారు. శాశ్వత సంఖ్యతో కడితే మేలుకునే క్షణం ఎప్పటికీ మారదు, దాన్నిబట్టే ఫోన్‌ను గుర్తుపట్టొచ్చని 2019లో తేలింది. ఐడిల్‌కూ కాల్‌కూ మధ్య ఇన్యాక్టివ్ అని ఒక స్థితి కూడా తెచ్చారు. అందులో ఫోన్‌ను ఆఖరిసారి చూసిన స్టేషనే దాని వివరాలు దాచుకుని, చుట్టుపక్కల స్టేషన్ల సాయంతో వెతుకుతుంది, ప్రతిదానికీ కోర్ నెట్‌వర్క్, అంటే టవర్లన్నింటినీ నడిపే కేంద్ర వ్యవస్థ, దాకా వెళ్లనక్కర్లేదు. నాకు నచ్చిన ఇంకో చిన్న మార్పు ఉంది. ఒకే క్షణంలో మేలుకునే ఫోన్లు చాలా ఉంటాయి కదా, వాటిలో ఒక్కదాన్ని పిలిచినా అన్నీ పూర్తిగా లేచి సందేశం చదివి, "నా పేరు కాదు" అనుకుని పడుకునేవి. ఇప్పుడు వాటిని చిన్న గుంపులు చేసి, "ఈసారి మీ గుంపులో ఎవరికో పిలుపుంది" అని ముందే ఒక చిన్న సైగ పంపే వీలు పెట్టారు. ఇది ఎవరి జాడా అడగదు, ఎవరి అలవాటూ నేర్చుకోదు. ఎవరికీ నష్టం లేకుండా బ్యాటరీ మిగులుతుంది.

అన్ని పిలుపులూ ఒకటి కావన్నది ఇంకా ముఖ్యం. ఒక యాప్ నోటిఫికేషన్, ఒక మనిషి చేసే కాల్, రెండింటికీ ఫోన్‌ను వెతకాల్సిందే. నోటిఫికేషన్ అయిదు సెకన్లు ఆలస్యమైతే లోకం మునిగిపోదు. దాన్ని నాలుగు విడతల్లో, తీరిక దొరికినప్పుడు వెతకొచ్చు. అవతల ఒక మనిషి చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఎదురుచూస్తున్నప్పుడు మొదటి విడతే వెడల్పుగా ఉండాలి. వచ్చిన డేటా ఏ రకానిదో చూసి పేజింగ్ తీరు మార్చుకునే వీలు 4జీ, 5జీ ప్రమాణాల్లో ఉంది. వాడుకోవాలంతే. రెండింటికీ ఒకే అమరిక పెట్టేసి వదిలేసిన చోట్లు నేను స్వయంగా చూశాను. ఆ అమరిక పెట్టినవాళ్లను అడిగితే సగటు బాగుంది కదా అంటారు.

నెట్‌వర్క్‌కు కలిపిన మీటర్లు, సెన్సర్ల సంగతి వేరు. కొన్నింటికి మేలుకునే వ్యవధిని 44 నిమిషాలకో, ఇలాంటి పరికరాల కోసమే ఉన్న నేరోబ్యాండ్ రకంలో అయితే దాదాపు 2 గంటల 55 నిమిషాలకో పెంచుకోవచ్చు. మరీ పొదుపు కావాలంటే అసలు పిలుపే వినకుండా రోజుల తరబడి పడుకోవచ్చు. అక్కడ వెతకడమే ఉండదు, అది లేచి చెప్పేదాకా ఆగడమే. నీళ్ల మీటరుకు అది సరిపోతుంది. మనిషికి సరిపోదు.

ఇక నా కిటికీ దగ్గర ఆ సాయంత్రం ఏమైందంటే, కారణం దొరకడానికి వారం పట్టింది. 4జీ ఇంకా ఇళ్లలోకి సరిగా అందని రోజులవి, నా ఫోన్ ఎక్కువగా 2జీ మీదే ఉండేది. ఫోన్‌లో ఫీల్డ్ టెస్ట్ తెర తెరిచి, ఏ సెల్‌ను పట్టుకుందో, ఆ సెల్ ఏ లొకేషన్ ఏరియాదో చూస్తూ కూర్చున్నాను. అరగంటలో ఏరియా సంఖ్య 11 సార్లు అటూ ఇటూ మారింది. మా ఇల్లు రెండు ఏరియాల గీత మీద పడింది. కిటికీలోంచి వచ్చే రెండు సిగ్నళ్లు దాదాపు సమానంగా ఉండేవి, గాలికి కొమ్మ ఊగినా ఫోన్ పక్క ఏరియాకు మారిపోయేది. మారిన ప్రతిసారీ తన కొత్త చోటు చెప్పుకోవాలి. చెప్పుకునే ఆ కొన్ని సెకన్లలో 2జీ ఫోన్ పేజింగ్ వినదు. సరిగ్గా అప్పుడు కాల్ వస్తే నెట్‌వర్క్ పాత ఏరియాలో పిలుస్తుంది, జవాబు రాదు, అందుబాటులో లేడని చెప్పేస్తుంది. తన జాడ చెప్పడంలో మునిగిపోయిన ఫోన్, ఆ చెప్పడం వల్లే దొరకకుండా పోయింది. చూస్తున్నకొద్దీ నాకు బాధేసింది. ఇన్నాళ్లూ మ్యాపుల మీద ఇలాంటి గీతలు ఎన్ని గీశానో. ఒక్కో గీత కింద ఎన్ని ఇళ్లున్నాయో.

ఆ నెట్‌వర్క్‌లో పనిచేసే స్నేహితుడికి సెల్ నంబర్లు పంపాను. అతను రిపోర్టు చూసి, ఆ ఏరియాలో పేజింగ్ విజయ శాతం లక్ష్యం కంటే పైనే ఉందన్నాడు. అబద్ధం కాదు. వందల సెల్‌ల సగటులో నా కిటికీ, నాలాంటి పదిమంది కిటికీలు కనిపించవు. గీత మీద ఉన్న సెల్‌లను విడిగా తీసి చూడమన్నాను. అక్కడ మాత్రం అంకె కిందికి జారి ఉంది, నెలల నుంచీ.

నేను అందరినీ అడిగేది ఈ విడి లెక్కే. పేజింగ్ రిపోర్టులో ఏరియా సగటు పక్కనే గీత మీది సెల్‌ల అంకె వేరుగా ఉండాలి. మొదటి విడతలో దొరికినవెన్ని, రెండో విడతలో దొరికినవెన్ని అన్నది వేరుగా ఉండాలి. పిలుపుకు దొరకలేదని చెప్పిన రెండు మూడు నిమిషాల్లోపే మళ్లీ కాల్ చేస్తే దొరికిన ఫోన్లెన్ని అన్నది కూడా వేరుగా ఉండాలి, ఎందుకంటే ఆ ఫోన్లు అంతకుముందూ అక్కడే ఉండి ఉంటాయి. ఈ మూడింటికీ ఎవరు ఎక్కడ తిరిగారన్న చరిత్ర అవసరం లేదు. నెట్‌వర్క్ ఇప్పటికే లెక్కపెట్టే కౌంటర్లతోనే వస్తాయి.

4జీ నుంచి గీతల బాధ చాలా తగ్గాల్సింది. ఒక ఫోన్‌కు ఒకే ఏరియా కాకుండా 16 దాకా ఏరియాల జాబితా ఇవ్వొచ్చు, జాబితా లోపల ఎంత తిరిగినా ఫోన్ నోరు విప్పనక్కర్లేదు. పక్కపక్కనే కూర్చున్న ఇద్దరికి వేర్వేరు జాబితాలు ఇవ్వొచ్చు, అప్పుడు గీత ఇద్దరికీ ఒకే చోట పడదు, రైలంతా ఒక్కసారి అరవదు. రెండు ఏరియాల మధ్య ఊగే ఫోన్‌కు ఆ రెండూ ఉన్న జాబితా ఇస్తే సరిపోతుంది. ఈ ఆలోచన చేసినవాళ్ల మీద నాకు చాలా గౌరవం. కానీ అందరికీ ఒకే జాబితా అంటించేస్తే పాత గీతే కొత్త పేరుతో మిగులుతుంది. అలా అంటించినవీ చూశాను.

మా కిటికీకి మందు చిన్నదే. ఏరియా మారేటప్పుడు కొత్త సెల్ సిగ్నల్ పాతదానికంటే ఎంత బలంగా ఉండాలో చెప్పే అమరిక ఒకటుంది, హిస్టరిసిస్ అంటారు. ఆ రెండు సెల్‌లలో దాన్ని కొన్ని డెసిబెల్స్ పెంచారు. మార్చామని స్నేహితుడు మెసేజ్ పెట్టిన సాయంత్రం ఫోన్‌ను అదే బల్ల మీద పెట్టి మళ్లీ అరగంట చూశాను. ఏరియా సంఖ్య ఒక్కసారి మారింది, మళ్లీ మారలేదు. తెర మూసేసి అక్కకు ఫోన్ చేసి, ఆ రోజు నేను ఫోన్ ఆపలేదని ఇంకోసారి చెప్పాను.